పరాయి ఊళ్ళో గెలుపు

2006 నవంబరు 1, బుధవారం
రాస్ అల్ ఖైమా

మాట్లాడే మనిషి లేక డైరీ కొనుక్కున్నాను. మా ఆయన ఐజక్ ఈ గల్ఫ్‌లోనే, దూరంగా బనియాస్‌లో ఏసీలు బాగుచేస్తాడు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడేలోపే "కార్డు అయిపోతోందే" అంటాడు. నేనేమో ఇక్కడ ఒక గ్రీకు ముసలాయన ఫ్లాట్‌లో రాత్రింబవళ్ళు నర్సుని. నరసాపురంలో నర్సింగ్ చదివే రోజుల్లో ఎవరైనా ఈ మాట చెప్పుంటే పగలబడి నవ్వేదాన్ని.

ఆయన పేరు మనోలిస్. ఓడల్లో చీఫ్ ఇంజినీరుగా చేశాడు కాబట్టి అందరూ చీఫ్ అంటారు. షుగరు కళ్ళు తినేసింది. పక్షవాతం కుడిచెయ్యి పట్టుకుపోయింది. మిగిలింది నోరొక్కటే, దానికి మాత్రం ఏ రోగమూ లేదు.

ఆ నోట్లో పొద్దస్తమానం ఒకటే పేరు, ఒలింపియాకోస్. ఆయన పుట్టిన పిరియస్ రేవు ఫుట్‌బాల్ క్లబ్బు అది. రెండేళ్ళ క్రితం లివర్‌పూల్‌లో జరిగిన మ్యాచ్‌ని ఇక్కడ టీవీలో చూస్తూ పడిపోయాడట. ఒక్క గోల్ తేడాతో ఓడినా పై రౌండుకి వెళ్ళిపోయేవాళ్ళే. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా అవతలివాళ్ళు మూడోది కొట్టి తేడా రెండు చేశారు. పక్షవాతం అప్పుడే వచ్చింది. కొడుకు యోర్గోస్ మర్నాడే డిష్ పీకించేశాడు.

టీవీ లేకపోయినా స్కోరు తెలియాలి. తెలియకపోతే అన్నం ముట్టడు. పొద్దున్నే చెప్పే పని నాది. నాకు బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప ఏమీ తెలియదు. బిల్డింగ్ వాచ్‌మన్ హయాత్ బాషాకి మాత్రం అన్నీ తెలుసు. రాయచోటి మనిషి, మలయాళీల కెఫెటేరియాలో ఏ మ్యాచ్ వచ్చినా వదలడు.

"అక్కా, రోమాలో ఒకటీ ఒకటి. డ్రా. ఓడిపోల్యా. పోయి చెప్పుపో, ముసలాయన ఖుషీ అయితాడు."

చెప్పాను. ముసలాయన నిజంగానే ఖుషీ అయ్యాడు. డ్రాకి ఇంత సంబరమేమిటో!

నవంబరు 12

డ్రాకి సంబరమేమిటని ఎందుకు అడిగానా అని చెంపలేసుకున్నాను. మధ్యాహ్నమంతా క్లాసు పెట్టాడు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే అయినా విషయం అర్థమైంది. ఛాంపియన్స్ లీగ్‌లో పదేళ్ళ నుంచీ ఆడుతున్నారు. సొంత ఊళ్ళో పెద్దపెద్ద వాళ్ళనే ఓడించారు. పరాయి ఊళ్ళో మాత్రం ఒక్కటంటే ఒక్కటి గెలవలేదు! టూరిన్‌లో ఏడు గోల్స్ తిన్నారట. ఏడూ వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు, ఎడంచేతి వేళ్ళు చాలక నా వేళ్ళు పట్టుకున్నాడు.

"మరి ఎందుకు చీఫ్ ఈ కడుపుమంట? వదిలెయ్యొచ్చు కదా?"

"లెఫ్టెరిస్ వదిలేస్తే నేనూ వదిలేస్తాను" అన్నాడు.

లెఫ్టెరిస్ ఆయన స్నేహితుడు. ఇద్దరూ ఒకే ఓడలో పనిచేశారు. ఇంజిన్ రూమ్‌లో రేడియో పెట్టుకుని, చెవులు దానికి అతికించుకుని వినేవాళ్ళట. ఇప్పుడాయన పిరియస్‌లో ఉంటున్నాడు. పరాయి ఊళ్ళో గెలిచేదాకా ఇద్దరిలో ఎవ్వరూ చావకూడదని ఒప్పందం చేసుకున్నారట. మగాళ్ళకి పనీపాటా లేకపోతే ఇలాంటి ఒప్పందాలే చేసుకుంటారు.

నవంబరు 23

మ్యాచ్ దగ్గరపడిన కంగారులో ఆయన మూడు రోజులుగా తిండి మానేశాడు. సూపు తెస్తే తోసేశాడు, నా గౌను మీద పడింది. నిన్న ఫోన్‌లో ఐజక్‌తో కూడా గొడవైంది. నాకూ ఓపికనేది ఉంటుంది కదా.

పొద్దున్న బాషా తల అడ్డంగా ఊపాడు. "వాలెన్సియాలో సున్నా రెండు. సచ్చినారక్కా."

పైకి వచ్చేసరికి ముసలాయన లేచి కూర్చుని ఉన్నాడు. గడ్డం అటూ ఇటూ తిప్పుతూ నా అడుగుల చప్పుడు వింటున్నాడు. "కృపా! చెప్పు!"

గెలిచారని చెప్పాను.

నోరు జారింది. ఎలా జారిందో నాకే తెలియదు. "ఎంత?" అన్నాడు. "ఒకటీ సున్నా" అన్నాను. "వాలెన్సియాలోనా?" "వాలెన్సియాలోనే."

గుడ్డి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టాడు. తర్వాత సూపు మొత్తం తాగి, రొట్టె అడిగాడు, ఆలివ్ కాయలు అడిగాడు. షుగరు కూడా అదుపులోకి వచ్చింది.

పేషెంట్‌కి మంచి మాట చెప్పడం కూడా మందే. నర్సింగ్ స్కూల్లో మా సిస్టర్ ట్యూటర్ చెప్పేది. ఒక్క బంతాటలో ఎవడు గెలిస్తే ఎవడికేం నష్టం?

నవంబరు 24

ఇవాళ కూడా తిన్నాడు. పెరుగన్నం కూడా తిన్నాడు.

డిసెంబరు 6

నిన్నటిది సొంత ఊళ్ళో మ్యాచ్. డ్రా అయింది. పోటీలోంచి బయటికొచ్చేశారు, ఈ ఏడాదికి ఖలాస్. ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడుస్తాడనుకుంటే, "పోనీలే, వాలెన్సియా ఉంది కదా" అన్నాడు.

ఇప్పుడు రోజూ లెఫ్టెరిస్‌కి ఫోన్ కలపమంటాడు. ఆ నంబరు కలవడం లేదు. గ్రీసు నంబర్లు చాలా పొడుగు. ఒక అంకె అటూ ఇటూ అవుతుంది, వేలు ఎవరిదైనా జారుతుంది.

డిసెంబరు 26

జరిగింది జరిగినట్టే రాస్తాను.

నిన్న చర్చిలో క్రిస్మస్ బాగా జరిగింది. ఇవాళ చీఫ్ పేరు రోజు, అంటే ఆ పేరున్న వాళ్ళందరి పండగ. గ్రీకులకి పుట్టినరోజు కంటే పేరు రోజే ఎక్కువట. స్నేహితులు వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేస్తారని నాకెలా తెలుస్తుంది? మోగితే ఎత్తాను. "మనోలీ!" అని అవతల ఎవరో అరిచారు. లెఫ్టెరిస్.

ఆయన చెవి దగ్గర రిసీవరు పట్టుకున్నది నేనే. చీఫ్ గ్రీకులో నవ్వుతూ, దగ్గుతూ మాట్లాడుతున్నాడు. వాలెన్సియా అన్నాడు. మళ్ళీ వాలెన్సియా అన్నాడు. అటు ఆయనేదో అన్నాడు. చీఫ్ నవ్వు ఆగిపోయింది. మూడోసారి వాలెన్సియా అన్నాడు, ఈసారి మెల్లగా. తర్వాత అటునుంచి నవ్వు వినపడింది. పాపం ఆయన వేళాకోళం అనుకుని ఉంటాడు.

ఫోన్ పెట్టేశాను. తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. "టైమెంత?" అని అడిగాడు. నాలుగైందని చెప్పాను.

"నిజమా?" అన్నాడు.

2007 జనవరి 20

అన్నిటికీ అదే మాట. షుగరు ఎంతుందో చెప్తే, "నిజమా?" బయట వర్షం పడుతోందంటే, "నిజమా?" కిటికీ తీయించి చెయ్యి బయటపెట్టి చూసుకున్నాడు. ఇన్సులిన్ సూది వెయ్యబోతే అందులో ఏముందో నాకేం తెలుసని పక్కకి తిరిగి పడుకుంటున్నాడు. స్కోర్లు నన్ను అడగడం మానేశాడు. ప్రతి సోమవారం లెఫ్టెరిసే ఫోన్ చేసి చెప్తున్నాడు. ఆ ఫోన్ వచ్చిన రోజున మాత్రం సూది వేయించుకుంటాడు.

పదిహేనేళ్ళ సర్వీసులో ఒక్క పేషెంటూ నన్నిలా చూడలేదు. సారీ చెప్పాను. ఎన్నిసార్లు చెప్పాలి?

ఐజక్‌కి చెప్పుకుంటే ఇంకో వాత పెట్టాడు. "నర్సువా, దేవదూతవా నువ్వు? స్కోరు అడిగితే స్కోరు చెప్పాలి గానీ, సువార్త చెప్తావేంటే?"

"తినట్లేదండీ ఆయన. మీరైతే ఏం చేసేవారు?"

"నేనైతే ఓడిపోయారని చెప్పి, ఆ సూపు నేను తాగేసేవాణ్ణి."

నవ్వొచ్చింది గానీ, నవ్వలేదు.

ఏప్రిల్ 9

కాలి మీద పుండు పడింది, ఎంతకీ తగ్గడం లేదు. చక్కెర అదుపులో ఉంటే కదా తగ్గేది. ఇది నా వల్ల వచ్చింది కాదు. వయసు.

ఏప్రిల్ 10

నా వల్లే.

జూలై 14

యోర్గోస్ వచ్చాడు. నన్ను వంటగదిలోకి పిలిచి తలుపు వేశాడు. లెఫ్టెరిస్ చనిపోయాడట, నిన్న రాత్రి నిద్రలోనే. "నాన్నకి చెప్పకు. ఆయన గుండె తట్టుకోదు. ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

క్రిస్మస్ తర్వాత దేవుడి ముందు మోకాళ్ళేసి చెప్పుకున్నాను, ఈ మనిషికి ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనని. ఇప్పుడేమో ఇది! అయినా ఈసారి అబద్ధం నాది కాదు. జీతమిచ్చేవాడిది. ఏజెన్సీ వీసా మీద ఉన్నదాన్ని, కాదంటే రేపే నన్ను పంపించేస్తాడు.

లెఫ్టెరిస్ ఎండాకాలమని తన సొంతూరైన దీవికి వెళ్ళాడనీ, అక్కడ ఫోన్ లేదనీ చెప్పాను. "నిజమా?" అనలేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది. లెఫ్టెరిస్ విషయంలో అబద్ధం ఆడతాననుకోలేదు ఆయన.

మనవాళ్ళు చేసేదీ ఇదేగా. ఊళ్ళో మనిషి పోతే దుబాయ్‌లో ఉన్నవాళ్ళకి "సీరియస్‌గా ఉంది, రండి" అంటారు. పోయారు అనరు. విమానంలో అంతసేపూ ప్రార్థన చేసుకుంటూ వెళ్ళి, వీధిలో షామియానా చూశాక తెలుసుకోవాలి. మా అమ్మమ్మ పోయినప్పుడు నాకు అదీ లేదు. నేను నర్సింగ్ ఫైనల్ పరీక్షలు రాస్తున్నానని అసలు కబురే పెట్టలేదు. ఇంటికెళ్ళి "అమ్మమ్మా" అని పిలుస్తూ గదిలోకి వెళ్ళాను. మంచం లేదు. మా అమ్మతో ఏడాదిపాటు సరిగా మాట్లాడలేదు నేను.

అది వేరు, ఇది వేరు. నేను ఆరోగ్యంగా ఉన్నదాన్ని, ఈయన రోగి.

ఆగస్టు 27

"ఇంకా రాలేదా వాడు?" అన్నాడు. "ఎండలు తగ్గలేదుగా చీఫ్" అన్నాను.

సెప్టెంబరు 19

రంజాన్. బాషా ఉపవాసం ఉన్నా స్కోరు మాత్రం మోసుకొచ్చాడు. సొంత ఊళ్ళో లాజియోతో డ్రా. ఆయన అడగకపోయినా చెప్పాను. "ఊఁ" అని అటు తిరిగాడు. "లెఫ్టెరిస్ వచ్చాక వాడినే అడుగుతాను."

అక్టోబరు 4, గురువారం

ప్రభువా, ఇదేం పరీక్ష!

పొద్దున్న లిఫ్టు కోసం కూడా ఆగలేదు బాషా, మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. "అక్కా! పగలగొట్టినారు! జర్మనీలో, బ్రెమెన్‌లో! మూడూ ఒకటి! ముందు వాళ్ళే కొట్టినారు, సగం మంది కెఫెటేరియాలోంచి లేచిపోయినారు. నేను పోల్యా. ఆఖర్లో దబదబా మూడు! ఛాంపియన్స్ లీగ్‌లో బయట ఇదే మొదటిదంట అక్కా, పేపర్లో గూడా రాస్తారు సూడు!"

నా కాళ్ళు ఆగలేదు. గదిలోకి వెళ్ళి, "చీఫ్, గెలిచారు! బ్రెమెన్‌లో! మూడూ ఒకటి!" అన్నాను.

ఆయన కదల్లేదు. "ఈసారి మూడు గోల్సా?" అన్నాడు. "పోయినసారి ఒకటే ఇచ్చావు."

బాషాని లోపలికి లాక్కొచ్చాను. పాపం వాడు హిందీలో, ఇంగ్లీషులో, చేతులతో కూడా చెప్పాడు. "ఇతనికి కూడా నేర్పావా?" అన్నాడు చీఫ్. కొడుకుని అడగమన్నాను. "వాడూ నువ్వూ ఒకటే." నా బైబిలు తెచ్చాను. "ఇదిగో చీఫ్, దీని మీద చెయ్యి పెట్టి చెప్తున్నాను."

"నాకు కళ్ళు లేవు" అన్నాడు. "నీ చెయ్యి బైబిలు మీద ఉందో, బల్ల మీద ఉందో నాకేం తెలుసు?"

బాషా తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. నేనింకా నిలబడే ఉన్నాను. కాసేపటికి చీఫ్ మెత్తగా అన్నాడు: "లెఫ్టెరిస్‌కి ఫోన్ చెయ్యి. దీవిలో ఉన్నా సరే, ఎవరితోనైనా కబురు పెట్టించు. వాడు అవునంటే నమ్ముతాను."

ఆయన జీవితమంతా ఎదురుచూసిన మాట. పదేళ్ళుగా ఎన్ని ఊళ్ళలోనో ఓడి, చివరికి గెలిచారు. ఆ మాట నా నోట్లో ఉంది, నా నోరే దానికి పనికిరాకుండా పోయింది.

యోర్గోస్‌కి ఫోన్ చేశాను. విసుక్కున్నాడు. "నమ్మకపోతే పోనీ. బంతాట కోసం ఆయన ప్రాణం మీదికి తెస్తావా? యల్లా, ఇక పెట్టెయ్, నాకు పని ఉంది."

ఐజక్‌కి చేశాను. ఈసారి కార్డు సంగతి ఎత్తలేదు. "ఉద్యోగం పోద్ది కృపా."

"పోనీండి."

"ఆయన ప్రాణమే పోతే?"



అక్టోబరు 5, శుక్రవారం

చెప్పేశాను.

ఇక్కడ ఆరాధన శుక్రవారమే, అయినా పొద్దున్న చర్చికి వెళ్ళలేదు. బీపీ చూశాను, మాత్ర వేశాను, ఆక్సిజన్ సిలిండరు దగ్గరికి జరిపాను. పక్కన కూర్చుని ఆయన ఎడంచెయ్యి పట్టుకున్నాను. సీరియస్‌గా ఉందని అనలేదు. "చీఫ్, లెఫ్టెరిస్ చనిపోయారు. జూలైలో. నిద్రలోనే" అన్నాను.

"నిజమా?" అంటాడేమోనని చూశాను. అనలేదు. చెడ్డ మాట కాబట్టి వెంటనే నమ్మాడు.

"ఎవరు చెప్పొద్దన్నారు?"

యోర్గోస్ పేరొక్కటే చెప్పి తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. "యోర్గోస్ చెప్పొద్దన్నారు. నేను ఒప్పుకున్నాను" అన్నాను.

చెయ్యి లాక్కున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను నాడి చూస్తుంటే చూడనిచ్చాడు, అంతే. మధ్యాహ్నం తినలేదు. నేనూ తినలేదు. కింద మసీదులో సాయంత్రపు నమాజుకి అసర్ బాంగు వినిపించింది. కాసేపటికి గోడతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు:

"మూడూ ఒకటి అన్నావు కదూ?"

"అవును చీఫ్."

"ముందు వాళ్ళే కొట్టారా?"

"వాళ్ళే. మనవి ఆఖర్లో."

"ఆఖర్లోనా? మనవాళ్ళా?" అని ఇటు తిరిగాడు. ఆఖరి నిమిషాల్లో ఓడిపోవడం తప్ప తెలియని మనిషి. పెదవులు నవ్వబోయి వణికాయి. "అయితే వాడు ఇది చూడకుండానే పోయాడు" అన్నాడు.

నమ్మాడు. నేను కోరుకున్నది అదే. ఇంతకంటే నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 6

పొద్దున్నే లెఫ్టెరిస్ భార్య కటీనాకి ఫోన్ కలపమన్నాడు. ఒక్కొక్క అంకె చూసి నొక్కాను. మొదటిసారికే కలిసింది.

రిసీవరు నేనే పట్టుకున్నాను. ఆయన మాట్లాడలేక ఏడ్చాడు, ఆమె కూడా ఏడ్చింది. నాకు గ్రీకు రాదు. మధ్యలో బ్రెమెన్ అన్నది మాత్రం అర్థమైంది. ఆ పేరు రెండుసార్లు చెప్పాడు, మా ఊళ్ళో వినికిడి తగ్గినవాళ్ళకి చెప్పినట్టు గట్టిగా. ఆ మాట ఆమెకి కాదేమో, లెఫ్టెరిస్‌కేమో. తర్వాత ఆమె చాలాసేపు మాట్లాడింది, ఆయన విన్నాడు.

ఫోన్ పెట్టాక నీళ్ళు అడిగాడు. తాగించాను. అప్పుడు చెప్పాడు.

యోర్గోస్ ఆమెతో, నాన్న మీకు ఫోన్ చేస్తాడని అన్నాడట. ఆమె ఎదురుచూసింది. మనోలిస్ ఫోన్ చేస్తే శవం చెవి దగ్గర పెట్టి వినిపించాలని, భర్త అంత్యక్రియలు ఒకరోజు ఆపించిందట. చుట్టాలందరూ కోప్పడ్డారట. మర్నాడు సాయంత్రం దాకా చూసి, ఇక తీసుకెళ్ళమందట. అప్పట్నుంచీ ఈయన మీద మనసు విరిగిపోయి ఉంది.

వంటగదిలో తలుపు వేసుకుని యోర్గోస్ నాతో చెప్పింది ఒక్క ముసలాయన గుండె గురించే అనుకున్నాను. అటువైపు ఇంకో ముసలామె ఫోన్ పక్కన కూర్చుని ఉందని నా బుర్రకి తట్టనే లేదు.

"వాడిని ఇంట్లో ఉంచిన ఆ రోజు" అన్నాడు చీఫ్, "నేనేం చేస్తున్నాను కృపా?"

నాకు గుర్తుంది, యోర్గోస్ నాతో చెప్పిన మర్నాడు అది. గుర్తులేదని అనొచ్చు. అనలేదు.

"పుచ్చకాయ తిన్నారు చీఫ్" అన్నాను. "తియ్యగా ఉందని ఇంకో ముక్క అడిగారు."